పూసల నక్షత్రం ఎవరి చేతి పని?

డిసెంబరు నెల వచ్చిందంటే మా చీపురుపల్లిలో చర్చిల ముందు, క్రైస్తవుల ఇళ్ల ముందు నక్షత్రాలు వేలాడతాయి. వెదురు బద్దలు కట్టి, రంగు కాగితం అంటించి, లోపల బల్బు పెట్టిన పెద్ద నక్షత్రాలవి. వాటిని దారిన పోయేవాళ్లందరూ చూస్తారు. ఇంటి లోపలికి వెళ్తే ఇంకో రకం నక్షత్రం కనిపిస్తుంది. సన్నటి తీగకు పూసలు గుచ్చి, వంచి, మెలిపెట్టి చేసినది. అరచేతిలో పట్టేంత ఉంటుంది. చిన్న చెట్టు కొమ్మకో, కిటికీ ఊచకో తగిలిస్తారు. దీపం వెలుతురు పడితే తళుక్కుమంటుంది.

పండగకు కేకు ఇవ్వడానికి వచ్చిన పిల్లల చేతుల్లో అలాంటివి మీరూ చూసే ఉంటారు. మనలో కొందరికి వాటిని చేయడం కూడా వచ్చు. పూసల తోరణాలు, పూసల చిలకలు చేసిన చేతులకు నక్షత్రం ఒక లెక్కా! అయితే ఈ చిన్న వస్తువుకు పాత చరిత్రే ఉంది. అందులోని పూసకైతే రెండు వేల ఏళ్ల చరిత్ర. ఆ చరిత్ర వెతుక్కుంటూ పోతే ఏ దేశంలో చూసినా ఇంట్లో కూర్చుని పని చేసే ఆడవాళ్లే కనిపించారు నాకు. ఏ దేశంలో విన్నా వాళ్ల పని గురించి ఒకే మాట వినిపించింది. "తీరిక ఉన్నప్పుడు చేసుకునే పనే కదా!" ఆ మాట ఎంత ఖరీదైనదో చెప్పాలనే ఈ వ్యాసం.

చెట్టు మీదికి గాజు ఎలా వచ్చింది

క్రిస్మస్‌కు ఇంట్లో చెట్టు పెట్టడం జర్మన్ల ఆచారం. మొదట్లో ఆ చెట్టుకు కట్టినవి యాపిళ్లు, అక్రోటు కాయలు, తీపి రొట్టెలు, కాగితం పువ్వులు. మనం పెళ్లి పందిరికి మామిడాకులు, అరటి గెలలు కట్టినట్టే, ఇంట్లో ఉన్నవే కట్టేవారు. 1848లో ఇంగ్లండులో విక్టోరియా రాణి, ఆమె భర్త ఆల్బర్ట్, పిల్లలు చెట్టు చుట్టూ నిలబడి ఉన్న బొమ్మను ఒక లండన్ సచిత్ర పత్రిక అచ్చువేసింది. ఆల్బర్ట్ పుట్టింటి ఆచారం అది. రాణిగారి ఇంట్లో ఉన్నది మన ఇంట్లోనూ ఉండాలి అనుకోవడం అక్కడా ఇక్కడా ఒకటే. ఆ తరవాత ఇంగ్లండు, అమెరికా ఇళ్లలోకి చెట్టు త్వరగానే వెళ్లింది.

చెట్టు పెరిగితే నగలు కావాలి కదా. జర్మనీలో తురింగియా అడవుల మధ్య లౌషా అనే ఊరు ఉంది. 1597 నుంచి అక్కడ గాజు పని చేస్తున్నారు. 19వ శతాబ్దం నడిమికి వచ్చేసరికి ఆ ఊరివాళ్లు చెట్టుకు తగిలించే గాజు కాయలు, గాజు గోళాలు ఊదడం మొదలుపెట్టారు. పెద్ద కార్ఖానా ఏమీ లేదు. ప్రతి ఇల్లూ ఒక కార్ఖానాయే. మగవాడు దీపపు మంట దగ్గర గాజు ఊదేవాడు. ఆడవాళ్లు దాని లోపల వెండి ద్రావణం పోసి మెరుపు తెప్పించేవారు. ఆడవాళ్లూ పిల్లలూ కలిసి రంగులు వేసేవారు. తయారైన సరుకును పెద్ద బుట్టల్లో వీపున మోసుకుని జోన్నెబెర్గ్ పట్నంలోని వర్తకుల దగ్గరికి చేర్చిందీ ఆడవాళ్లే. తెచ్చిన సరుకుకు వర్తకుడు చెప్పిందే ధర.

1880లో అమెరికాలో ఎఫ్. డబ్ల్యూ. వుల్‌వర్త్ అనే వ్యాపారి ఈ గాజు బొమ్మలను తన దుకాణాల్లో పెట్టాడు. ఐదు సెంట్లు, పది సెంట్లకు వస్తువులమ్మే దుకాణాలు అవి. మన జాతరలో "ఏది తీసుకున్నా పది రూపాయలు" అని అరిచే కొట్లలాంటివి అనుకోండి. అమెరికాలో సామాన్యుడి ఇంటికి కూడా గాజు బొమ్మలు చేరాయి. వస్తువు అంత చవగ్గా దొరకడానికి కారణం ఏమిటి? లౌషాలో ఒక ఇంటిల్లిపాదీ పనిచేస్తే, వర్తకుడు ఆ ఇంటిల్లిపాదికీ విడివిడిగా కూలి కట్టలేదు. సరుకుకే డబ్బిచ్చాడు. రంగు వేసిన చేతికి, బుట్ట మోసిన వీపుకు వేరే లెక్క లేదు.

తీగకు పూస ఎక్కింది

మన నక్షత్రానికి సొంత అక్క లాంటిది పక్క దేశంలో ఉంది. ఇప్పటి చెక్ దేశంలో, ఉత్తర బొహీమియా కొండల్లో యాబ్లోనెట్స్ అనే పట్నం. జర్మన్ భాషలో దాని పేరు గాబ్లోంజ్. గాజు పూసలకు, గిల్టు నగలకు ప్రపంచమంతా పేరున్న ఊరు అది. ఆ కొండ పల్లెల్లో బోలు పూసలు ఊది, వాటిని సన్న తీగకు గుచ్చి చెట్టుకు నగలు చేసే పని పుట్టింది. నక్షత్రాలు, పడవలు, సైకిళ్లు, సాలీడు గూళ్లు, బుల్లి బుట్టలు, అన్నీ తీగా పూసలతోనే చేస్తారు. మన తీగ నక్షత్రాన్ని వాటి పక్కన పెడితే ఒక ఇంటి పిల్లల్లాగే ఉంటాయి.

పూస తయారీ వినడానికి సరదాగా ఉంటుంది. సన్నటి గాజు గొట్టాన్ని మంట మీద మెత్తబరుస్తారు. వరుసగా గుంటలున్న ఇత్తడి అచ్చులో పెట్టి ఊదుతారు. విప్పి చూస్తే కందికాయలో గింజల్లా, ఒకదానికొకటి అంటుకున్న పూసల వరుస వస్తుంది. దాని లోపలికి వెండి ద్రావణం పంపుతారు. పైన రంగులో ముంచి ఆరబెడతారు. తరవాత ఏ పూసకా పూస కోస్తారు. లోపల బోలు కాబట్టి బరువు ఉండదు, కొమ్మ వంగదు. కోసిన పూసల్ని తీగకు గుచ్చి నక్షత్రం కట్టడం ఆఖరి పని. ఆ ఆఖరి పని చాలావరకు ఇళ్లలోనే జరిగేది. వంట పొయ్యి పక్కన, చలికాలం సాయంత్రాల్లో.

ఆ పని ఇప్పుడు దాదాపు ఒక్క ఊరికే మిగిలింది. పోనిక్లా అనే కొండ ఊరు. 2020లో యునెస్కో ఈ చేతిపనిని మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది.

అదే 2020లో అదే జాబితాలోకి ఇటలీ, ఫ్రాన్సు దేశాల గాజు పూసల కళ కూడా చేరింది. ఇటలీ అనగానే వెనిస్ గుర్తుకు రావాలి. వెనిస్‌లో పూసలు గుచ్చే ఆడవాళ్లకు ప్రత్యేకంగా ఒక పేరుండేది, ఇంపిరారెస్సె అని. గుమ్మాల ముందు, సందుల్లో కుర్చీలు వేసుకుని, ఒళ్లో చెక్క పళ్లెం నిండా ఆవగింజలంత పూసలు పెట్టుకునేవారు. ఒక చేతిలో బోలెడు పొడుగాటి సూదుల్ని విసనకర్రలా పట్టుకుని, ఆ పూసల కుప్పలోంచి ఒక్కసారి తోడితే ప్రతి సూదికీ పూసలు ఎక్కేవి. పక్కనే పిల్లాడు ఉయ్యాల్లో, పొయ్యి మీద గంజి. వాళ్లు గుచ్చిన దండలే ఓడలెక్కి ఆఫ్రికాకూ అమెరికాకూ పోయాయి. కూలి గిట్టక 20వ శతాబ్దం మొదట్లో వాళ్లు సమ్మె కూడా చేశారు. గుమ్మంలో కూర్చున్న ఆడవాళ్లు సమ్మె చేశారంటే, అది తమకు తీరిక వేళ పని కాదని వాళ్లకు తెలుసునన్న మాట.

పూస మనకు కొత్త కాదు

ఇదంతా దూరదేశపు ముచ్చట అనుకోకండి. క్రిస్మస్ చెట్టు మనకు బయటినుంచి వచ్చింది. పూస మాత్రం మన నేల మీదదే.

మన తిరుపతి దగ్గర, శ్రీకాళహస్తికి వెళ్లే దారిలో పాపానాయుడుపేట అనే ఊరు ఉంది. అక్కడ గాజు పూసలు చేసే పద్ధతి ప్రపంచ చరిత్రకారులందరికీ తెలుసు. కరిగిన గాజు ముద్దను ఇనప గొట్టానికి పట్టించి, దాని మధ్య బోలు ఉండేలా చూసి, చేత్తో లాగుతూ పోతారు. జంతికల పిండిలా కాదు, పాకం తీగ సాగినట్టు సాగుతుంది. సాగిన గొట్టాన్ని సన్నటి ముక్కలుగా నరుకుతారు. ఆ ముక్కల్ని బూడిదలో కలిపి వేడి చేస్తే అంచులు గుండ్రబడి పూసలవుతాయి. బూడిద ఎందుకంటే, పూసలు ఒకదానికొకటి అంటుకోకుండా, బెజ్జం మూసుకుపోకుండా.

పీటర్ ఫ్రాన్సిస్ అనే అమెరికన్ పరిశోధకుడు ఈ ఊరి పనిని దగ్గరుండి చూశాడు. పుదుచ్చేరి పక్కన అరికమేడులో రెండు వేల ఏళ్ల నాడు చేసిన పూసలు కూడా ఇలా గాజును గొట్టంగా లాగి చేసినవేనని వివరించాడు. అలాంటి చిట్టి పూసలకు ఇండో-పసిఫిక్ పూసలు అని పేరు పెట్టింది ఆయనే. అవి తూర్పు ఆఫ్రికా మొదలు ఇండోనేషియా, కొరియా, జపాన్ దాకా తవ్వకాల్లో దొరికాయి. మన సముద్రం మీద అంత దూరం పోయిన సరుకు అది.

ఇక తీగ సంగతి. మన కంసాలి దగ్గర కమ్మచ్చు అనే ఇనప పలక ఉంటుంది. దాని నిండా పెద్దవి, చిన్నవి వరసగా బెజ్జాలు. వెండి కడ్డీని ముందు పెద్ద బెజ్జంలోంచి, తరవాత దానికంటే చిన్నదాంట్లోంచి లాగుతూ పోతే వెంట్రుకంత తీగ వస్తుంది. యూరపులో చెట్టు నగలకు వాడిన మెరుపు తీగనూ ఇలాగే పలక బెజ్జాల్లోంచి లాగేవారు. మన పట్టుచీర అంచులో జరీ కూడా అలా లాగిన తీగే. పట్టుదారం చుట్టూ చుడితే జరీ అయింది, పూస గుచ్చితే నక్షత్రం అయింది.

పూసల్ని ఇంటింటికీ తెచ్చిన వాళ్లు కూడా మనకు తెలుసు. బుట్టలో పూసలు, పిన్నులు, సూదులు, దువ్వెనలు, సవరాలు పెట్టుకుని వీధి వీధీ తిరిగే పూసలవాళ్లు. పుట్టిన బిడ్డ చేతికి దిష్టిపూసలు, పెళ్లయిన పిల్ల మెడకు నల్లపూసలు ఆ బుట్టలోంచే వచ్చేవి. ఆడదాని జీవితంలో ప్రతి మలుపులోనూ ఒక పూస ఉంది.

మా వైపు చెట్టు వచ్చిన దారి

మా ఉత్తరాంధ్రకు క్రిస్మస్ ఎలా వచ్చిందో చూస్తే అక్కడా ఒక ఆడవాళ్ల కథ ఉంది. 1805లో లండన్ మిషనరీ సొసైటీ వాళ్లు విశాఖపట్నం వచ్చారు. 1870ల్లో కెనడా బాప్టిస్టులు వచ్చి భీమునిపట్నం, శ్రీకాకుళం, బొబ్బిలిలో స్థావరాలు పెట్టుకున్నారు. ఇప్పటికీ మా వైపు బాప్టిస్టు సంఘాలు ఎక్కువగా కనబడడానికి కారణం అదే.

ఆ కెనడా వాళ్ల వెనక డబ్బు ఎవరిది? 1870లో అక్కడి నోవా స్కోషియా ప్రాంతంలో హన్నా మరియా నోరిస్ అనే ఉపాధ్యాయిని విదేశాలకు వెళ్లి పనిచేస్తానంది. సంఘం పెద్దలు డబ్బు లేదన్నారు. ఆమె ఊరూరా తిరిగి ఆడవాళ్లను కూడగట్టి సహాయ సంఘాలు పెట్టింది. గృహిణులు ఇంటి ఖర్చులో మిగిల్చిన చిల్లర చందాలవి. మన డ్వాక్రా పొదుపులాగే అనుకోండి. మంచు దేశంలో ఎవరో ఇల్లాలు పోపుల డబ్బాలో దాచినలాంటి డబ్బు, మన కళింగ తీరంలో బడికీ ఆస్పత్రికీ దారి వేసింది.

పండగ వచ్చింది కానీ దేవదారు చెట్టు మన ఎండల్లో ఎక్కడ పెరుగుతుంది? మనవాళ్లు సరుగుడు కొమ్మ తెచ్చి నిలబెట్టారు. వెదురు బద్దల నక్షత్రం కట్టారు. రంగు కాగితాలు కత్తిరించి గొలుసులు వేశారు. ఇంట్లో దొరికిన వాటితోనే పండగ చేశారు, జర్మనీ పల్లెల్లో యాపిళ్లు కట్టినట్టే.

పూసల నక్షత్రం ఇంటింటా కనబడడం మాత్రం ప్లాస్టిక్ పూస వచ్చాకే. 1980లు, 90ల్లో ఆడపిల్లలుగా ఉన్నవాళ్లకు గుర్తుండే ఉంటుంది. వేసవి సెలవులు వస్తే ప్లాస్టిక్ వైరుతో బుట్టలు అల్లేవాళ్లం. పూసలతో గుమ్మానికి తెరలు, టీవీ మీద పెట్టడానికి హంసలు, చిలకలు, ద్రాక్ష గుత్తులు చేసేవాళ్లం. ఒకరి దగ్గర ఒకరు నేర్చుకోవడమే, గురువు లేడు, పుస్తకం లేదు. మా ఊళ్లో కనకమహాలక్ష్మి అమ్మవారి జాతరకు వచ్చే కొట్లలో పూసల పొట్లాలు కొనుక్కోవడం అంటే పిల్లలకు పెద్ద సంబరం. తోరణం అల్లడం వచ్చిన చేతికి పక్కింటి క్రైస్తవ స్నేహితురాలు నక్షత్రం నేర్పింది, ఆమె దగ్గర తోరణం నేర్చుకుంది. ఆ పనికి మతం అడ్డు రాలేదు.

నరసాపురం చెప్పిన పాఠం

ఇంటి చేతిపని ప్రపంచ బజారుకు వెళ్తే ఏమవుతుందో తెలియాలంటే గోదావరి జిల్లాకు వెళ్లాలి. నరసాపురం, పాలకొల్లు చుట్టుపక్కల పల్లెల్లో లేసు అల్లికలు ఎంత ప్రసిద్ధమో మీకు తెలుసు. 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు అక్కడి పేద స్త్రీలకు ఆ పని నేర్పారు. మెల్లగా అది అన్ని కులాల ఇళ్లలోకీ వెళ్లింది. ఒక కొక్కెం సూది, ఒక దారపు ఉండ ఉంటే చాలు. బల్ల గుడ్డలు, దిండు గలీబులు, పూల చక్రాలు, అన్నీ ఓడలెక్కి ఇంగ్లండు, జర్మనీ, అమెరికా ఇళ్లకు చేరాయి.

1970ల చివర్లో జర్మనీ నుంచి మరియా మీస్ అనే సామాజిక శాస్త్రవేత్త నరసాపురం వచ్చి ఆ పల్లెల్లో తిరిగింది. ఆమె రాసిన పుస్తకం 1982లో లండన్‌లో వెలువడింది. నరసాపురం లేసు పనివారి గురించి, ప్రపంచ బజారుకు సరుకు చేస్తున్న భారతీయ గృహిణుల గురించి రాసిన పుస్తకం అది. ఆ ప్రాంతంలో లక్షకు పైగా ఆడవాళ్లు ఈ పనిలో ఉన్నారని ఆమె అంచనా. వాళ్లు రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటలు లేసు అల్లుతున్నారు. ఇంటిపని దానికి అదనం. వచ్చే కూలి మాత్రం పొలంలో కూలికి వెళ్లే ఆడదానికి వచ్చే దానికంటే తక్కువ.

ఎందుకలా? మీస్ చెప్పిన కారణం మనం రోజూ వినేదే. వీళ్లను పనివాళ్లు అని ఎవరూ అనలేదు. వ్యాపారులు అనలేదు, ఇంట్లో మగవాళ్లు అనలేదు, చాలామంది ఆడవాళ్లు తమను తామే అనుకోలేదు. "ఇంటి ఇల్లాలు, తీరిక వేళ ఏదో అల్లుకుంటుంది" అన్నారు. పొలానికి వెళ్లడం గౌరవం కాదనుకున్న ఇళ్లలో, గడప దాటకుండా నాలుగు డబ్బులు రావడమే గొప్ప అనుకున్నారు. ఆ గౌరవానికి చెల్లించిన ధర కూలిలో కోత పడింది. పైగా పని ముక్కలైంది. ఒకరు పువ్వులు అల్లుతారు, ఇంకొకరు వాటిని కలిపే అతుకుపని చేస్తారు. పూర్తయిన గుడ్డ ఎంతకు అమ్ముడుపోయిందో పువ్వు అల్లిన ఆమెకు తెలిసే దారి లేదు.

2024లో నరసాపురం లేసు అల్లికలకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. సంతోషమే. ఊరి పేరుకు గుర్తింపు వచ్చినట్టే అల్లిన చేతికి కూడా లెక్క రావాలి కదా.

ముప్పై రూపాయల నక్షత్రం

ఈ మాట దూరంగా నరసాపురం గురించి చెప్పి ఊరుకోకూడదనిపించింది. మా వీధిలో నేను వదినా అని పిలిచే ఒకావిడ ఉంది. నవంబరు మొదలైన దగ్గర్నుంచి నక్షత్రాలు కడుతుంది. ఒక రోజు గోడ గడియారం ఎదురుగా పెట్టుకుని ఇద్దరం కూర్చున్నాం.

పని ఇలా సాగింది. నాలుగంగుళాల ఇత్తడి తీగ ముక్కలు మూడు తీసుకుని మధ్యలో మెలిపెడితే ఆరు చేతులొస్తాయి. ఒక్కో చేతికి తొమ్మిది పూసలు. ముందు ముత్యం పూస, తరవాత గొట్టం పూస, ఆపైన సన్నపూసలు. చివర తీగను పట్టకారుతో చుట్ట తిప్పి బిగిస్తే పూసలు జారవు. తరవాత ఇంకా సన్నటి తీగతో ఒక చేతి నుంచి పక్క చేతికి ఏడేసి పూసల వంతెన కట్టాలి. యాభై నాలుగు, నలభై రెండు, మొత్తం తొంభై ఆరు పూసలు. తీగను రెండోసారి అదే చోట వంచకూడదు, విరిగిపోతుంది. చెయ్యి తిరిగిన వదినకే యాభై నిమిషాలు పట్టింది. పూసలకూ తీగకూ కలిపి పద్నాలుగు రూపాయలు. కొట్టువాడు ఆమెకు ఇచ్చేది ముప్పై.

"ఏటొదినా, ఇంత పనికి ముప్పయ్యేనా?" అన్నాను.

"ఊరికే కూకున్నప్పుడు సేసిందే గదమ్మా. అదే పదివేలు" అంది.

లెక్క వేద్దాం. ముప్పైలో పద్నాలుగు పోతే పదహారు. అది యాభై నిమిషాల పనికి. అంటే గంటకు సుమారు 19 రూపాయలు. 2025–26లో మన రాష్ట్రంలో ఉపాధి హామీ పనికి రోజు కూలి 307 రూపాయలు. ఎనిమిది గంటలకు పంచితే గంటకు 38. వదిన చేతికి వస్తున్నది అందులో సగం. ఉపాధి కూలి లెక్కనైనా ఆ నక్షత్రం ఆమె దగ్గర 46 రూపాయలకు కొనాలి. నేర్పు ధర అందులో కలపనే లేదు.

ఇంతకీ ఆమె ఊరికే కూర్చున్నది ఎప్పుడు? 2019లో కేంద్ర ప్రభుత్వం చేసిన కాల వినియోగ సర్వేలో, ఇంటిపనులు చేసే ఆడవాళ్లు రోజుకు 299 నిమిషాలు జీతం లేని ఆ పనులకే పెడుతున్నారని తేలింది. మగవాళ్లు 97 నిమిషాలు. దాదాపు ఐదు గంటల పని అయ్యాక మిగిలిన వేళకు మనం "ఊరికే" అని పేరు పెట్టుకున్నాం.

మా పక్క స్టేషనే లాంటి పొందూరును చూడండి. ఖద్దరుకు పేరున్న ఊరు. వాలుగ చేప దవడతో పత్తి దువ్వి, ఇళ్లలో ఆడవాళ్లు రాట్నం మీద సన్న నూలు వడుకుతారు. వాళ్లదీ ఇంట్లో కూర్చుని చేసే పనే. కానీ అక్కడ చిలపల లెక్క ఉంది, 1949 నుంచి ఒక కార్మిక సంఘం ఉంది. కూలి చాలినంత వస్తోందా అంటే అది వేరే చర్చ. కనీసం అది పని అని, ఆమె కార్మికురాలు అని ఒప్పుకున్నారు. ఒప్పుకున్న తరవాతే కదా కూలి పెంచమని అడగడానికి నోరు వచ్చేది.

మీరేం చేస్తారమ్మా?

ఇదంతా ఇప్పుడెందుకంటే, 2027 జనగణన వస్తోంది. లెక్కలు రాసేవాళ్లు మన గుమ్మంలోకి వస్తారు. ఇంట్లో అందరూ ఏం పని చేస్తారని అడుగుతారు. ఇంతవరకు జరిగిన లెక్కల్లో ఇంటిపని మాత్రమే చేసే ఆడవాళ్లను పనిచేయనివాళ్ల కింద రాశారు. అయితే అమ్మడానికి ఇంట్లో వస్తువు తయారుచేసేవాళ్లకు అందులో వేరే చోటు ఉంది, గృహ పరిశ్రమ కింద. ఏడాదిలో కొన్ని నెలలే చేసినా ఆ పనికి లెక్కలో చోటు ఉంది. లేసు అల్లేవాళ్లు, విస్తళ్లు కుట్టేవాళ్లు, అప్పడాలు ఒత్తేవాళ్లు, బీడీలు చుట్టేవాళ్లు, పూసల నక్షత్రాలు కట్టేవాళ్లు అందరూ అందులోకి వస్తారు. చెప్తేనే వస్తారు.

సాధారణంగా ఆ ప్రశ్నకు జవాబు ఎవరిస్తారు? ఇంట్లో మగవాళ్లు. "ఆవిడా? ఆవిడ ఇంట్లోనే ఉంటుందండీ." మనం కూడా తలుపు చాటునుంచి "ఏం చెయ్యనండీ, ఖాళీగానే ఉంటాను" అనేస్తాం. నరసాపురంలో లక్షమంది ఆడవాళ్లు ప్రపంచానికి సరుకు చేస్తూ కూడా కనబడకుండా పోయింది ఇలాంటి జవాబుల వల్లే.

కాబట్టి అక్కలూ చెల్లెళ్లూ, ఒక పని చేయండి. కుట్టో, అల్లికో, పూసో, మీరు అమ్మే వస్తువు ఏదైనా సరే, ఒక నెలపాటు నోట్‌బుక్‌లో మూడు గళ్లు గీసి రాయండి. సామానుకు ఎంతయింది, ఎన్ని గంటలు పట్టింది, చేతికి ఎంతొచ్చింది. పాలవాడి లెక్క, చాకలి లెక్క రాసే చెయ్యే కదా, మన లెక్క మనం రాసుకోలేమా? ఆ కాగితం దగ్గరుంటే కొట్టువాడితో ధర మాట్లాడగలం, జనగణన వాళ్లకు జవాబు చెప్పగలం.

మా వదిన ఇప్పటికి నక్షత్రం నలభైకి పెంచింది. కొట్టువాడు కాస్త గొణిగాడట. అయినా ఈ డిసెంబరుకు మూడు డజన్లు కావాలని ముందుగానే చెప్పి వెళ్లాడు.